కాలేజీ పేరుకు ఎంత విలువ కట్టాలి: బెంగళూరులో సీటు ఎంచుకునే తెలుగు కుటుంబాల కోసం

ఇంటర్ ఫలితాలు, ఇక్కడ ఇంటర్ రెండో ఏడాదికి సమానమైన రెండో పీయూసీ ఫలితాలు వచ్చిన నాటి నుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ, పిల్లల్ని ఇక్కడికి పంపాలనుకునే అనంతపురం, చిత్తూరు, కర్నూలు ఇళ్లలోనూ ఇంచుమించు ఒకే చర్చ నడుస్తుంది. పేరున్న కాలేజీలో దొరికిన బ్రాంచి తీసుకోవాలా, అంత పేరులేని కాలేజీలో కోరుకున్న బ్రాంచి తీసుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. ర్యాంకు మీద సీటు రాకపోతే ఆ పేరు కోసం మేనేజ్‌మెంటు కోటాలో లక్షలు పోయవచ్చా అన్నది రెండవది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ పిల్లలు వెళ్లదలచుకున్న దారిలో ఎవరైనా కాలేజీ పేరు చూసి లోపలికి రానిచ్చే ఘట్టం ఉందా, ఉంటే అది ఎక్కడ వస్తుంది అన్నది ముందుగా తెలుసుకోవాలి. అటువంటి ఘట్టం ఉన్న మేరకే పేరుకు డబ్బు పెట్టాలి. ఆ ఘట్టం లేని చదువుకు పేరు కోసం అప్పు చేయడం పిల్లల మీద మోయలేని భారం పెట్టడమే అవుతుంది.

పేరు వల్ల నిజంగా ఒనగూరేది ఏమిటి

పేరున్న కాలేజీలో పాఠం మెరుగ్గా చెబుతారని చాలామంది అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు, కానీ ప్రధానమైన లాభం అది కాదు. మంచి కంపెనీలు ఆ ఆవరణకు వచ్చి పరీక్ష పెడతాయి. గట్టి ర్యాంకులతో వచ్చిన పిల్లల మధ్య చదవడం వల్ల మన పిల్లల కష్టం కూడా పెరుగుతుంది. అంతకుముందు ఉద్యోగ అనుభవం ఏదీ లేని మనిషి దరఖాస్తులో చూడదగ్గ మొదటి వివరం కాలేజీ పేరే కాబట్టి, మొదటి ఉద్యోగం దగ్గర అది పనికివస్తుంది. మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చాక ఎక్కడ పనిచేశారు, ఏం చేశారు అన్నవి ముందుకు వస్తాయి, కాలేజీ పేరు వెనక్కి పోతుంది.

దీని మీద ఆర్థికవేత్తలు శ్రద్ధగా పనిచేశారు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనం, పేరుమోసిన కాలేజీలో సీటు వచ్చినా అంత పేరులేని చోట చేరిన విద్యార్థులు తరవాతి కాలంలో సగటున, ఆ పేరున్న చోట చేరినవారితో దాదాపు సమానంగానే సంపాదించారని తేల్చింది. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అక్కడి 12 అగ్రశ్రేణి కాలేజీలను పరిశీలించి, అవి సగటు ఆదాయాన్ని పెద్దగా పెంచకపోయినా, అత్యధిక ఆదాయ వర్గంలోకి చేరే అవకాశాన్నీ ప్రతిష్ఠ గల సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశాన్నీ బాగా పెంచుతాయని చూపారు. మన దేశపు కాలేజీల మీద శీతల్ సెఖ్రీ 2020లో ప్రచురించిన పరిశోధన మనకు మరింత దగ్గరిది. కట్ ఆఫ్‌కు కాస్త పైన ఉండి పేరున్న ప్రభుత్వ కాలేజీలో చేరినవారినీ, కాస్త కింద ఉండి ప్రైవేటు కాలేజీకి వెళ్లినవారినీ పోల్చినప్పుడు, మొదటివారికి జీతం ఎక్కువగా ఉన్నట్టు, చివరి పరీక్షల మార్కుల్లో మాత్రం వారికి అదనంగా ఏమీ ఒనగూరనట్టు అందులో తేలింది.

ఈ మూడింటిని కలిపి చదివితే మనకు తెలిసేది ఇది: పేరు చదువును పెంచదు, తలుపు దగ్గర గుర్తింపు ఇస్తుంది. ఇంట్లో అప్పటికే ఐటీ ఉద్యోగులో డాక్టర్లో ఉండి, పరిచయాలు ఉన్న కుటుంబానికి ఆ గుర్తింపు అవసరం తక్కువ. మొదటి తరంలో చదువుకుంటున్న పిల్లలకు, ఎవరూ సిఫారసు చేసే దిక్కులేని పిల్లలకు దాని విలువ చాలా ఎక్కువ. కాబట్టి ఊళ్లో చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్న రైతు బిడ్డకు పెద్ద కాలేజీలో మెరిట్ సీటు వస్తే, హాస్టల్ ఖర్చుకు భయపడి దాన్ని వదులుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

చదువును బట్టి లెక్క మారుతుంది

న్యాయశాస్త్రంలో పేరు బరువు చాలా ఎక్కువ. నాగరబావిలోని నేషనల్ లా స్కూల్, నిర్ఫ్ (ఉన్నత విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే జాతీయ ర్యాంకులు) న్యాయ విద్యాసంస్థల జాబితాలో ఏటా మొదటి స్థానంలో ఉంటోంది. పెద్ద లా ఫర్ములు ఇటువంటి కొద్ది సంస్థల నుంచే ఎక్కువగా తీసుకుంటాయి. ఎంబీఏ విషయంలోనూ అంతే, బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం వంటి సంస్థకు కట్టే ఫీజులో పెద్ద భాగం తోటి విద్యార్థుల కోసమూ, వచ్చే కంపెనీల కోసమూ కడుతున్నదే. పేరులేని ఎంబీఏ కాలేజీకి పదిహేను లక్షలు కట్టడం కంటే రెండేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ క్యాట్ రాయడం మేలు.

చార్టర్డ్ అకౌంటెన్సీకి వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా వేరు. పరీక్ష పెట్టేదీ సభ్యత్వం ఇచ్చేదీ ఒకే సంస్థ. బీకాం ఏ కాలేజీలో చేశారన్నది ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) వెతుక్కునే సమయంలో కొంత సాయపడవచ్చు, అంతకుమించి కాదు. సివిల్స్, గ్రూప్స్ వంటి పోటీ పరీక్షలకు గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ ఉంటే చాలు.

ఎంబీబీఎస్‌లో నేను కాలేజీ పేరు కంటే ఆసుపత్రిలో రోగుల రద్దీని ముందు చూడమంటాను. బెంగళూరు మెడికల్ కాలేజీ విద్యార్థులకు విక్టోరియా, వాణీ విలాస్ ఆసుపత్రుల్లో దొరికే అనుభవం, అద్దాల మేడలున్న కొత్త కాలేజీలో ఖాళీ మంచాల మధ్య దొరకదు. పీజీ సీటు ఎటూ నీట్ ర్యాంకు మీదే వస్తుంది.

ఎక్కువమందికి కావలసింది ఇంజినీరింగ్ కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. బెంగళూరులో బసవనగుడిలోని బీఎంఎస్ కాలేజీ 1946లోనూ, రామయ్య కాలేజీ 1962లోనూ, మైసూరు రోడ్డులోని ఆర్వీ కాలేజీ 1963లోనూ మొదలయ్యాయి. వీటికి దశాబ్దాలుగా వచ్చిన పేరు ఉత్తదేమీ కాదు, పూర్వ విద్యార్థులు నగరంలోని కంపెనీలన్నింటిలో ఉన్నారు. కానీ ఈ కాలేజీల్లో చదివినా, విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న చిన్న కాలేజీలో చదివినా డిగ్రీ పట్టా మీద యూనివర్సిటీ పేరు ఒకటే. తేడా అంతా ప్లేస్‌మెంటులోనూ, సిలబస్ విషయంలో స్వయంప్రతిపత్తిలోనూ, తోటి విద్యార్థుల్లోనూ ఉంటుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో 1917లో మొదలైన యూవీసీఈ (యూనివర్సిటీ విశ్వేశ్వరయ్య ఇంజినీరింగ్ కాలేజీ) ప్రకటనల్లో పెద్దగా కనిపించదు కనుక మనవాళ్ల చర్చల్లో దాని మాట తక్కువగా వస్తుంది. కేఆర్ సర్కిల్‌లోని ఆ ప్రభుత్వ కాలేజీలో అర్హత ఉన్నవారికి తక్కువ ఫీజుకు దొరికే సీటును తేలిగ్గా తీసుకోకూడదు.

బ్రాంచా, కాలేజీయా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. మొదటి వరుస కాలేజీల్లో ఒకటి ఎలక్ట్రానిక్స్ ఇస్తూ, అంతకు కాస్త కింది కాలేజీ కంప్యూటర్ సైన్స్ ఇస్తే, కోడింగ్ మీద ఆసక్తి ఉన్న విద్యార్థి మొదటిదానికే వెళ్లవచ్చు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ వంటి సర్క్యూట్ బ్రాంచిల వారిని కూడా పరీక్షకు రానిస్తాయి. అదే సివిల్‌కో కెమికల్‌కో వచ్చేసరికి, ఆ సబ్జెక్టు మీద నిజమైన ఇష్టం లేకుండా పేరు కోసం నాలుగేళ్లు భరించమని ఏ బిడ్డనీ బలవంతపెట్టకూడదు. ఇష్టంలేని సబ్జెక్టులో బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన పరీక్షలు) పడితే, వాటిని చూసి చాలా కంపెనీలు పరీక్షకే రానివ్వవు.

ఇక్కడే మరో మాట చెప్పి తీరాలి. కొడుకుకు మేనేజ్‌మెంటు కోటాలో పెద్ద కాలేజీ, కూతురికి ఇంటికి దగ్గరలోని ఏదో ఒక కాలేజీ అనే పద్ధతి మన ఇళ్లలో ఇంకా ఉంది. పేరు విలువను లెక్కగట్టే ఈ పద్ధతి ఇద్దరికీ ఒకేలా వర్తించాలి.

పేరును పరీక్షించే పద్ధతి

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా నిర్ఫ్ ర్యాంకులు విడుదల చేస్తోంది. ఇంజినీరింగ్ ర్యాంకులో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, విద్యార్థుల ఫలితాలకు 20 శాతం, అందరికీ అవకాశం కల్పించడానికి 10 శాతం, విద్యావేత్తలూ యజమానుల్లో ఉన్న పేరుకు 10 శాతం బరువు ఇచ్చారు. బీటెక్ చేయబోయే పిల్లలకు పరిశోధన పత్రాల సంఖ్యతో ప్రత్యక్ష సంబంధం తక్కువ. అందువల్ల 70వ ర్యాంకు, 90వ ర్యాంకు మధ్య తేడాను పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు.

ర్యాంకు కంటే విలువైనది మరొకటి ఉంది. నిర్ఫ్‌కు ప్రతి కాలేజీ సమర్పించే పీడీఎఫ్ పత్రం కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దాన్ని తెరిచి, నాలుగేళ్ల డిగ్రీకి సంబంధించిన పట్టికను చూడండి. ఆ ఏడాది ఎంతమందిని చేర్చుకున్నారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం వచ్చినవారి మధ్యస్థ జీతం (జీతాలను వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది) ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్న అంకెలు వరుసగా ఉంటాయి. చేరినవారి సంఖ్యకూ పాసైనవారి సంఖ్యకూ మధ్య పెద్ద గండి ఉంటే, ఆ కాలేజీ ఎవరిని ఎలా చదివిస్తోందో మీకు అక్కడే అర్థమవుతుంది.

బయట బ్యానర్ల మీద కనిపించే సగటు ప్యాకేజీని ఈ మధ్యస్థ జీతంతో పోల్చి చూడడం తప్పనిసరి. ఉదాహరణకు ఉద్యోగం వచ్చిన పదిమందిలో ఎనిమిదిమందికి తలా 4 లక్షలు, ఒకరికి 8 లక్షలు, ఒకరికి 60 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 10 లక్షలని బ్యానర్ వేయవచ్చు, అందులో అబద్ధం లేదు. మధ్యస్థ జీతం మాత్రం 4 లక్షలే. పైగా ఉద్యోగం రానివారు ఈ లెక్కలోకే రారు. ఆ 60 లక్షల్లో కూడా చేరినప్పుడు ఇచ్చే బోనస్, కంపెనీ వాటాలు ఎంత, నెలనెలా చేతికి వచ్చేది ఎంత అన్నది అడిగి తెలుసుకోవాలి.

నాణ్యతను పరిశీలించే సంస్థలు రెండున్నాయి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు విడిగా ఇస్తారు. కాలేజీకి ఎన్‌బీఏ ఉందని చెబితే ఏ బ్రాంచికి ఉంది, ఏ ఏడాది వరకు ఉంది అని అడగండి. కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ, డేటా సైన్స్ బ్రాంచిలకు చాలాచోట్ల అది ఇంకా ఉండదు, ఎందుకంటే బ్యాచిలు పూర్తయి బయటికి వస్తేనే గుర్తింపుకు దరఖాస్తు చేయడం సాధ్యమవుతుంది.

పేరు ఏ ఆవరణది అన్నదీ చూడాలి. ఒకే ట్రస్టు కింద నాలుగైదు కాలేజీలు నడుస్తాయి, పేరు మాత్రం వాటిలో ఒక్కదానికే ఉంటుంది. అలాగే ఇతర రాష్ట్రాల్లో మొదలైన డీమ్డ్ యూనివర్సిటీలకు బెంగళూరులో క్యాంపస్‌లు ఉన్నాయి. విశాఖపట్నంలో మొదలైన గీతం యూనివర్సిటీ దొడ్డబళ్లాపుర దగ్గర నడుపుతున్న క్యాంపస్ మనవాళ్లకు తెలిసిందే. ప్రధాన క్యాంపస్‌కు వచ్చే కంపెనీలన్నీ ఇక్కడికి వస్తాయా, విడిగా ప్లేస్‌మెంటు జాబితా ఉందా అని ఏ సంస్థ విషయంలోనైనా అడగవలసిందే.

2024-25 నుంచి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ సీట్ల సంఖ్య మీద గరిష్ఠ పరిమితి తొలగించింది. దాంతో పేరున్న కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగాయి. పదేళ్ల కిందట రెండు సెక్షన్లతో తెచ్చుకున్న పేరు పది సెక్షన్లకు అలాగే వర్తించదు. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ నిష్పత్తి. మీరు చేరబోయే విభాగంలో ఎన్ని సెక్షన్లు ఉన్నాయి, అధ్యాపకుల్లో ఎంతమంది మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారు అని ఆఫీసులో కాకుండా మూడో సంవత్సరం విద్యార్థుల దగ్గర అడగండి. కాలేజీ గేటు బయట టీ దుకాణం దగ్గర తెలుగు మాట్లాడే సీనియర్లు ఎవరో ఒకరు తప్పకుండా దొరుకుతారు. ప్రయోగశాలలో ఒక్కొక్కరికి ఒక కంప్యూటర్ ఉందా, గత ఏడాది తమ బ్రాంచికి ఏ కంపెనీలు వచ్చి ఎంతమందిని తీసుకున్నాయి, ఇంకా ఎంతమంది ఖాళీగా ఉన్నారు అన్నవి వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

కోటా, అప్పు, ఫీజు వాపసు

కర్ణాటకలో కనీసం ఏడేళ్లు చదివి, పదో తరగతో రెండో పీయూసీయో ఇక్కడే పాసైన పిల్లలు సాధారణంగా కర్ణాటక ప్రభుత్వ ప్రవేశ పరీక్ష అయిన కేసీఈటీకి అర్హులవుతారు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో పెరిగిన తెలుగు పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ సంగతి తెలియక నేరుగా మేనేజ్‌మెంటు సీటుకు వెళ్లిపోతారు. ఆ అర్హత లేనివారికి ప్రైవేటు కాలేజీల్లో, ఆ కాలేజీల సంఘం పెట్టే కామెడ్‌కే పరీక్ష ద్వారా సీటు దొరుకుతుంది, ఫీజు కేసీఈటీ సీటు కంటే ఎక్కువ. మేనేజ్‌మెంటు సీటు అన్నింటికంటే ఖరీదైనది. ముగ్గురూ కూర్చునేది ఒకే తరగతిలో, అందుకునేది ఒకే డిగ్రీ. కాబట్టి కామెడ్‌కే రాయకుండా, కౌన్సెలింగ్ రౌండ్లు పూర్తికాకుండా కన్సల్టెన్సీవారి మాట మీద అడ్వాన్సు కట్టవద్దు. సొంత రాష్ట్రంలో కన్వీనర్ కోటాలో చేరితే అర్హులకు అందే ఫీజు రీయింబర్స్‌మెంటు బెంగళూరుకు వస్తే సాధారణంగా ఉండదన్నది కూడా ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు అప్పు లెక్క చూడండి. పేరు కోసం అదనంగా 15 లక్షలు పది శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 19,800 రూపాయలు కట్టాలి, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవారికి ఎక్కువమందికి ఇచ్చే ఏటా మూడున్నర లక్షల ఉద్యోగమే వస్తే చేతికి వచ్చేది నెలకు ఇరవై ఐదు వేల చుట్టూ ఉంటుంది. మిగిలిన ఐదారు వేలతో బెంగళూరులో పీజీ హాస్టల్ అద్దె కూడా కట్టలేరు. ఆ కాలేజీ మధ్యస్థ జీతం ఈ అప్పును మోయగలదా అన్నది పట్టికలో చూసి, మోయలేదనిపిస్తే ఆ సీటు వదిలేయండి. పొలం అమ్మి అయినా చేర్పిద్దామన్న తల్లిదండ్రుల ప్రేమను నేను గౌరవిస్తాను, కానీ ఆ పొలం విలువ మీ బిడ్డ జీతంలో తిరిగి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో కాగితం మీద వేసి చూడవలసిన బాధ్యత కూడా ఆ ప్రేమదే.

జాబితాలో పేరు ఉండడం నేరుగా డబ్బుగా మారే సందర్భం ఒకటుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, నిర్ఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన సంస్థల్లో మెరిట్ మీద సీటు పొందినవారికి హామీ, తనఖా లేకుండా రుణం ఇస్తారు. మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో 860 సంస్థలు ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు పొందనివారికి అది వర్తిస్తుంది. మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకున్నాకే బ్యాంకుకు వెళ్లండి.

ఒకచోట చేరాక మరోచోట మంచి సీటు వస్తే ఫీజు పోతుందన్న భయంతో చాలామంది మొదటి కాలేజీలోనే ఉండిపోతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు తప్పుకుంటే ఫీజు దాదాపు మొత్తం, ఆ తరవాత చివరి తేదీ లోపు తప్పుకుంటే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లో 80 శాతం, 30 రోజుల్లో 50 శాతం తిరిగి ఇవ్వాలి. అసలు సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదు. పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరు మీదే రసీదు తీసుకోండి, ఏజెంటు చేతికి నగదు ఇవ్వవద్దు.

పేరులేని కాలేజీలో చేరవలసి వస్తే

అప్పుడు నాలుగేళ్ల ప్రణాళిక కాస్త మారుతుంది. కంపెనీలు ఆవరణకు రావు కాబట్టి, ఏ కాలేజీవారైనా రాయగలిగే టీసీఎస్ ఎన్‌క్యూటీ వంటి పరీక్షలకు రెండో సంవత్సరం నుంచే సిద్ధం కావాలి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం తగ్గకుండా, బ్యాక్‌లాగులు లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే చాలా కంపెనీలు కాలేజీ పేరు కంటే ముందు దీన్నే చూస్తాయి. బెంగళూరులో చదవడం వల్ల ఉన్న ప్రత్యేకమైన లాభం ఇంటర్న్‌షిప్పులే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, కోరమంగల ప్రాంతాల స్టార్టప్‌లలో చిన్న జీతానికైనా ఆరు నెలలు చేసిన పని, దరఖాస్తులో కాలేజీ పేరు ఉన్న వరుసను వెనక్కి నెడుతుంది.

పెద్ద పేరు రెండోసారి సంపాదించుకునే దారి కూడా ఉంది. 1909లో మొదలైన భారతీయ విజ్ఞాన సంస్థలోనూ, ఎలక్ట్రానిక్ సిటీలోని ట్రిపుల్ ఐటీలోనూ ఎంటెక్ ప్రవేశానికి ప్రధానంగా గేట్ స్కోరు చూస్తారు. బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నవారు కూడా గేట్ రాయవచ్చు, ఆ స్కోరు మూడేళ్ల వరకు చెల్లుతుంది.